ఆఖరు మడికి నీళ్లు

జడ్చర్ల బస్టాండులో కొల్లాపూర్ బస్సు ఎక్కబోతున్న మల్లికను కండక్టరు మెట్టు మీదే ఆపాడు. ఆమె చంకలో, చేతుల్లో, కాళ్ల దగ్గర పాత చీరల్లో చుట్టిన, సన్నటి జాలి బిగించిన చెక్క చట్రాల మూటలున్నాయి.

"ఏందమ్మా ఇవి, కిటికీలా?"

"ఫ్రేములన్నా. అచ్చేసేటివి."

"ఆడోళ్లకు ఫిరీ గని కిటికీలకు ఫిరీ లేదు. లగేజి టికెట్ కొట్టాలె."

"కొట్టన్నా. మీద కాలు వెట్టకుండ జర జూడు, జాలి చినుగుతది."

"ఏమచ్చేస్తవ్ వీటితోని, నోట్లా?"

"ఆట. గుడ్డ మీద ఆడే ఆట."

"సెల్లుల ఆటలు ఉండంగ గుడ్డ మీద ఎవలాడుతరమ్మా గిప్పుడు!" అని అతను నవ్వాడు. మల్లిక కూడా నవ్వబోయింది కాని నవ్వు రాలేదు. ఎవరాడుతారు అన్న ప్రశ్నే ఆమెను కొన్ని నెలలుగా తింటోంది. ఈ ఫ్రేములను ఎర్రగుంటపల్లిలో బిక్షమ్మ పుచ్చుకుంటే ఆట బతుకుతుంది. వద్దని తిప్పి పంపితే, ఇంక తీసుకుపోయి ఇవ్వడానికి మల్లిక దగ్గర ఏమీ లేదు.

మల్లికది కొల్లాపూర్ పక్కనున్న ఆ ఎర్రగుంటపల్లే. తండ్రి ఏసోబు ఊరి చెరువుకు నీరటి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో కాలువ వెంట తిరిగి చూడటం నీరటి పని. ఊరంతటి పంట అతని చేతికర్ర వెంట నడిచేది. కూలి మాత్రం కల్లంలో ఎవరెంత విదిలిస్తే అంత. తూము పక్కన మళ్లు ఎవరివో, కాలువ చివర మళ్లు ఎవరివో చెప్పడానికి ఏ సర్వే అక్కర్లేదు. ఊరి చివరి వాడకట్టుకు ఊరి చివరి మళ్లే దక్కాయి, అవీ కొందరికే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, చెరువుల్లో పూడిక తీస్తున్న రోజుల్లో, చాలా ఏళ్ల తర్వాత ఆ చెరువు నిండి మత్తడి దుంకింది. ఆ సంబరంలో ఏసోబు కట్ట మీద పిల్లలను కూర్చోబెట్టి, ఇసుకలో కాలువ గీసి, చింతగింజలనే నీళ్లనుకొమ్మని చెప్పి, పంచడం ఆడించాడు. మల్లిక అప్పటికే జడ్చర్లలో బస్టాండు వెనక సందులో స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం పెట్టుకుంది. పెళ్లి పత్రికలు, గుడ్డ సంచులు, కంపెనీల అట్టపెట్టెల మీద గుర్తులు అచ్చేసేది. తండ్రి ఆటను గుడ్డ మీద అచ్చేసి 'ఆఖరు మడి' అని పేరు పెట్టింది.

ఆట సులువు. గుడ్డ మీద చెరువు, తూము, కాలువ, కాలువ వెంట వరసగా మళ్లు. ఒక్కో మడి దగ్గర ఒక్కరు కూర్చుంటారు. ప్రతి వాటానికీ, అంటే వంతుకు, నీరటి గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిల పడితే అన్ని గింజలు తూము దాటి పై మడికి వస్తాయి. అక్కడున్నవాళ్లు తమకు కావలసినన్ని ఉంచుకుని మిగతావి కిందికి వదలాలి. ఎన్ని ఉంచుకోవాలో నియమం లేదు. ఉన్నదల్లా ఒకటే: ఆట ముగిసేసరికి ఆఖరు మడి ఎండి ఉంటే అందరూ ఓడినట్టే. మధ్యలో 'కతల చీటీలు' తీయాలి. దున్నపోతు కట్ట తొక్కింది, ఒక గింజ పోయె. పెళ్లివారు వచ్చారు, నీళ్లు ఆగె. ఇట్లాంటివి.

గుడ్డ వెనక మల్లిక నాలుగు మాటలు అచ్చేసింది. 'ఈ ఆట ఎవరైనా గీసుకోవచ్చు, కుట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మీ ఊరి కత చేర్చుకోండి. ఎవరినీ అడగనక్కర లేదు.'

ఆ మాటలే ఆటను ఊళ్లు దాటించాయి. సర్కారు బడుల్లో సార్లు నేల మీద రంగులతో గీయించారు. నల్లగొండ వైపు వాళ్లు ఫ్లోరైడు చీటీ చేర్చారు: 'బోరు నీళ్లు తాగి మోకాళ్లు పట్టుకున్నయి, ఒక వాటం కూసో.' ఎర్రగుంటపల్లి పొదుపు సంఘం ఆడవాళ్లు రంగు గుడ్డ ముక్కలతో ఆట కుట్టి జాతరల్లో అమ్మారు. ఆ సంఘానికి పెద్ద బిక్షమ్మ. మల్లికకు వరసకు చిన్నమ్మ. మల్లిక పదో తరగతి తప్పి ఏడుస్తుంటే, "ఏడ్చుడు అయినంక బువ్వ తిను బిడ్డా, మళ్ల రాద్దువు" అని కొంగుతో ముక్కు తుడిచిన మనిషి. ఏ ఊరు కొత్త చీటీ పంపినా మల్లిక దానికో ఫ్రేము తయారు చేసేది, ఎవరడిగినా అచ్చేసి ఇచ్చేది. దుకాణంలో గోడ వెంట ఊళ్లన్నీ నిలబడినట్టు ఉండేది.

అట్లా ఏడెనిమిదేళ్లు నడిచింది. అప్పుడు గోపీకృష్ణ వచ్చాడు. చౌటుప్పల్ మనిషి. హైవే పక్కన ప్లాట్లు చేసి అమ్మిన డబ్బును ఏదైనా 'నీట్ పని'లో పెట్టాలనుకున్నాడు. పట్నంలో ఒక కంపెనీ అష్టాచెమ్మను అందమైన డబ్బాలో పెట్టి, పైన తమ ముద్ర కొట్టి అమ్ముతోందని ఫోనులో చూపించాడు.

"అక్కా, రేపు నీ ఆట గూడ గిట్లనే ఎత్తుకపోతరు. జాగా ఉన్నంక ముందుగాల చుట్టు హద్దు కడీలు పాతాలె."

"అది జాగా గాదు గదనే, ఆట."

"ఎత్తుకపోయెటోనికి రెండు ఒకటే."

అతను మోసగాడు కాదు. భయపెట్టాడు, అంతే. అదీ నిజమైన భయమే. అవ్వలు బండల మీద గీసుకున్న గీతలకు కూడా ఓనర్లు పుట్టుకొస్తున్న కాలం ఇది. కాని దొంగకు భయపడి కడీలు పాతేటప్పుడు, లోపల ఎవరెవరు ఉన్నారో చూసుకోవాలి. మల్లిక చూసుకోలేదు. గోపీకృష్ణ పట్నం వకీలుతో రాయించిన కొత్త లైసెన్సు మీద సంతకం పెట్టింది. పాత అనుమతి రద్దు. ఆట తయారు చేసి అమ్మేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి. ఊళ్లవాళ్లు రాసిన కతల చీటీలను దుకాణం తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు. అంతా ఇంగ్లీషు. ఆ కాగితాల ఫొటోలు తీసి ఆటవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద గొంతు రికార్డు చేసింది. "మన ఆట మనకే ఉండాలని. అందరు సంతకం చేసి పంపుండ్రి. రానోళ్లు ఏలుముద్ర ఏసినా నడుస్తది."

ఏలుముద్ర. ఈ జిల్లాల్లో పుట్టిన మనిషి అనకూడని మాట అది. నీరటి బిడ్డ అసలే అనకూడదు.

జవాబు బిక్షమ్మ నుంచి గొంతు రూపంలోనే వచ్చింది. తిట్టలేదు, అరవలేదు.

"మేడంగారూ, మా నాయిన గూడ గిట్లనే ఒక కాయిదం మీద ఏలుముద్ర ఏసిండు. అండ్ల ఏమున్నదో తెలిసే యాళ్లకు మా రెండెకరాలు పటేలు పేరు మీదున్నయి. మాకు మల్ల ఏలు లేదు. దండం."

మేడంగారూ. మల్లిక ఆ రికార్డును మళ్లీ మళ్లీ విన్నది. ఆ మాట దగ్గరికి రాగానే ఆపేసేది.

కాయిదం అంటే భయపడేవాళ్లను చదువురానివాళ్లని కొట్టిపారేయడం మనకు అలవాటు. వాళ్లకు అక్షరాలు రాకపోవచ్చు, కాయిదాలు మాత్రం బాగా వచ్చు. ఏ కాయిదం వచ్చాక ఇంట్లోంచి ఏది పోయిందో తరతరాలుగా గుర్తు పెట్టుకున్నారు.

గ్రూపులోంచి ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఒక బడిలో నేల మీది ఆటకు సున్నం కొట్టారు. జాతరలో గుడ్డ ఆటలు అమ్మే ఒకామె మల్లిక పేరున్న అంచును కత్తిరించి అమ్మింది. మల్లిక భయపడిపోయి వారం తిరక్కుండానే లైసెన్సు వాపసు తీసుకున్నానని చెప్పింది. గోపీకృష్ణ నొచ్చుకుని, "నువ్వే సంతకం వెట్టినవ్, నువ్వే తీసేస్తివి. ఇగ నేనెందుకక్కా?" అని తప్పుకున్నాడు. అతని మాటలోనే అసలు చిక్కు ఉందని ఆమెకు అప్పుడు తోచలేదు. పెట్టగలిగినవాళ్లు తీయగలరు, తీసినవాళ్లు మళ్లీ పెట్టగలరు.

ఆ చిక్కు బిక్షమ్మ చెప్పింది. మల్లిక స్టాంపు కాగితం మీద, ఈసారి తెలుగులో, పాత అనుమతిని ఇంకెప్పుడూ రద్దు చేయనని రాయించుకుని ఊరికి పోయింది. బిక్షమ్మ ఇంటి ముందు పల్లికాయ ఒలుస్తోంది. లేవలేదు.

"మళ్ల కాయిదమేనా మేడం?"

"చిన్నమ్మా, తప్పయింది. ఇగ ఎన్నడు గట్ల చెయ్యనని రాసిన. సదివిస్త, ఇను."

"ఎందుకు? మొదట గుడ్డ ఎనక రాసింది గూడ నువ్వే గద. అది సదివే నమ్మినం." బిక్షమ్మ ఒక కాయ చిదిమింది. "మా ఊరి చెరువు బొమ్మ యాడున్నది?"

"నా దుకాణంల. ఫ్రేము మీద."

"మా సంఘం ఎస్తేరు రాసిన చీటీలు?"

"అవి గూడ ఆడనే."

"గంతే మరి. అన్ని నీ కాడ వెట్టుకొని, మీవే మీవే అంటవు. ఎండకు నిలవడ్డవు, మంచినీళ్లు తాగి పో."

నీళ్లు తాగి వచ్చేసింది. బస్సులో కాగితాన్ని మడిచి మడిచి వేలంత చేసింది.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో ఆమెకే సరిగా గుర్తులేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే ఇంకా భయం వేసేది. గుడ్డ ఆటల దొంతర మీద దుమ్ము దులపడం మానేసింది. ఫ్రేములు ఇచ్చేస్తే సరే. కాని ఇచ్చేశాక తను ఏమిటి? ఎవరో వంకర టింకరగా అచ్చేస్తారు, ఎవరో తండ్రి పేరు తీసేస్తారు, ఎవరో చీటీల్లో బూతులు రాస్తారు. ఆపడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ లేచి పోయి గోడకున్న ఫ్రేములు ముట్టుకుని చూసేది. చివరికి ఒక పొద్దున వాటిని దించి చీరల్లో చుట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటున్న ఏసోబు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆటలో ఎప్పుడూ తొడ కింద రెండు గింజలు దాచి పట్టుబడే మనిషి.

"అన్ని ఇస్తున్నవా?"

"అన్ని, బాపూ."

"ఒక్కటన్న దాస్కో. పెద్ద ఫ్రేము ఉంచు. చెరువు, కాలువ అండ్లనే ఉంటయి. అది లేకుంటే వాళ్ల చీటీలు ఏం జేసుకుంటరు?"

 మల్లిక పెద్ద ఫ్రేమును మంచం వెనకకు నెట్టి, మిగతావి తీసుకుని బస్టాండుకు పోయింది. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. తొడ కింద గింజలతో ఆడబోతున్నట్టు అనిపించింది. కాలు దించింది. ఆ బస్సు పోయింది. ఇంటికి పరుగెత్తి పెద్ద ఫ్రేము లాగుతుంటే ఏసోబు, "నీకు ఆడొస్తలేదు బిడ్డా" అని అటు తిరిగి పడుకున్నాడు. కిటికీలంటూ ఎగతాళి చేసిన కండక్టరుది ఆ తర్వాత వచ్చిన బస్సు.

నాగర్‌కర్నూల్ దాటాక సీట్లు ఖాళీ అయ్యాయి. మల్లిక మూటలు విప్పి ఒక్కో జాలిని వెలుతురుకు పెట్టి చూసింది. చినగలేదు. మళ్లీ కట్టింది. మళ్లీ విప్పింది.

సంఘం ఇంట్లో ఉన్నది బిక్షమ్మ ఒక్కతే కాదు. ఎస్తేరు ఉంది. చీటీలు రాసేది ఆమే, నోరు పదును. తూము పక్కనే తల మళ్లున్న ఇంటి కోడలు సావిత్రమ్మ ఉంది. ఇంకా కొందరు ఆడవాళ్లు. నేల మీద రంగు ముక్కల ఆట పరిచి ఉంది. మల్లిక ఫ్రేములను గోడకు ఆనించింది. ఎవరూ వాటి వంక చూడలేదు.

"మేడంకు కుర్చీ ఏద్దమా, కింద కూసుంటరా?" అంది ఎస్తేరు.

"కుర్చీ లేదు పాడు లేదు" అంది బిక్షమ్మ. "ఆడినంక మాట్లాడుదం. పో, ఆఖరు మడి కాడ కూసో."

 ఈ ఆట వచ్చాక ఈ సంఘంలో పడ్డ అలవాటు అది. కిస్తీ ఎగ్గొట్టినామె అయినా, చాడీలు చెప్పినామె అయినా, ముందు ఆఖరు మడి దగ్గర కూర్చోవాలి. అక్కడ కూర్చున్న మనిషి నోరెత్తకూడదు, అడగకూడదు, కిందికి ఏమొస్తే అదే పుచ్చుకోవాలి. మడి ఎండితే అందరూ ఓడతారు, అయినా సరే ఎండబెట్టాలనుకుంటే ఎండబెడతారు. అట్లా ఎండిన మనిషి మళ్లీ సంఘంలోకి రాలేదు. ఆట చేసిన మల్లిక ఎప్పుడొచ్చినా నీరటి జాగాలోనే కూర్చుంది. కింది నుంచి చూస్తే చెరువు ఇంత దూరమని ఆమెకు తెలియదు.

ఈ రోజు గవ్వలు బిక్షమ్మ చేతిలో ఉన్నాయి. మొదటి వాటం గింజలు బాగానే పడ్డాయి. సావిత్రమ్మ సగం పక్కకు లాక్కుంది.

"అత్తగారి బుద్ధి ఆటల గూడ పోలేదు సూడుండ్రి" అందొకామె.

"మా అత్తైతే మొత్తం ఉంచుకుంటుండె. నేను నయం" అని సావిత్రమ్మ నవ్వింది. మిగతావి ఒక చేయి నుంచి ఇంకో చేతికి తగ్గుతూ వచ్చి ఎస్తేరు దగ్గర ఆగిపోయాయి. మల్లిక ముందు మడి ఖాళీ.

రెండో వాటానికి కతల చీటీ తీయాలి. ఎస్తేరు తీసింది. అది అచ్చేసిన చీటీ కాదు, పెన్నుతో రాసింది. గొంతు సవరించుకుని చదివింది.

"'మన ఊరి పిల్లనే, మేడమై పట్నం కాయిదం తెచ్చింది. అందరి నీళ్లు ఆగిపాయె. ఈ వాటం ఎవ్వరు గింజ కదుపొద్దు.'"

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. అందరూ ఆమె మొహం చూస్తున్నారు.  మల్లికకు లేచి పోవాలనిపించింది. ఆ చీటీ ఊరూరా తిరిగితే, ఆట ఆడే ప్రతి ఇంట్లో తన తప్పు చదువుకుని నవ్వుతారు. జడ్చర్లలో ఆమె పిల్లలు చదివే బడిలో కూడా.

"మీ ఊరి కత చేర్చుకోండి అన్నరు గద" అంది ఎస్తేరు, ఈసారి ఎగతాళి లేకుండా. "ఇది మా ఊరి కతనే. దీన్ని గూడ అచ్చెయ్యనిస్తరా, ఎయ్యనియ్యరా?"

మాట్లాడే హక్కు లేదు. మల్లిక లేచింది. అందరూ ఆమె పోతోందనుకున్నారు. ఆమె గోడ దగ్గరికి పోయి, ఇంకా ఏ బొమ్మా ఎక్కని కొత్త ఫ్రేము ఒకటి మూటలోంచి తీసి, తెచ్చి ఎస్తేరు ఒళ్లో పెట్టి, తిరిగి ఆఖరు మడి దగ్గర కూర్చుంది.

ఎస్తేరు దాన్ని తిప్పి చూసింది.

చివరి వాటం. గవ్వలు సరిగా పడలేదు, రెండే వెల్లకిల. గింజలు రెండు. సావిత్రమ్మ వాటిని చేతిలో పెట్టుకుని బిక్షమ్మ వంక చూసింది. బిక్షమ్మ ఎటో చూస్తోంది. సావిత్రమ్మ రెండూ కిందికి వదిలింది. తర్వాతామె వదిలింది. ఆ తర్వాతామె, "మా మడి ఎండుతున్నది, నేనేం దేవతనా?" అని ఒకటి ఉంచుకుంది. మిగిలిన ఒక్కటీ ఎస్తేరు పిడికిట్లోకి పోయింది. పిడికిలి మూసుకుంది.

మల్లిక ఆ పిడికిలినే చూస్తూ కూర్చుంది. ఊపిరి తీస్తే ఎక్కడ బెదురుతుందో అన్నట్టు.

"ఎంతసేపే ఎస్తేరూ, కోడిగుడ్డు పొదుగుతున్నవా?" అంది సావిత్రమ్మ.

ఎస్తేరు చేయి చాపి, ఆ ఒక్క గింజనూ మల్లిక చేతిలో వేసింది.

మడి ఎండలేదు. ఒక్క గింజతో పంట కూడా రాదు. అంతవరకే.

బిక్షమ్మ లేచి మూటలు విప్పింది. ఒక్కో ఫ్రేమునూ గుమ్మం వెలుతురుకు పట్టి చూసింది. పెద్ద ఫ్రేములో తన ఊరి చెరువు కట్ట కనిపించగానే కొంచెంసేపు ఆగింది.

"ఇన్నే ఉన్నయా? దుకాణంల ఇంకేమన్న మిగిలినయా?"

"ఏం లెవ్వు చిన్నమ్మా. గోడ బోడిగ ఉన్నది."

"దోమ తెర లెక్క ఉన్నది. మేం రంగు గుంజితే చినుగదా?"

"రబ్బరు బద్దె గట్టిగ ఒత్తకుంటే చినుగది. నేర్పుత."

"ఐతారం చర్చి ఉంటది. సోమారం రా, మల్లికా." ఇంకేదో అంటుందేమోనని మల్లిక చూసింది. బిక్షమ్మ చీర అంచుతో ఫ్రేము దుమ్ము తుడుస్తోంది. 'మేడం' పోయింది. 'బిడ్డా' ఇంకా రాలేదు.

"రంగు డబ్బలు గూడ నువ్వే తేవాలె" అంది ఎస్తేరు. "లగేజి టికెట్ నీదే."

రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు దూరంగా మలుపు దగ్గర కనిపించింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మల్లిక నిలబడింది. అప్పుడు చూసుకుంది, చేతులు ఖాళీగా లేవు. పిడికిట్లో ఆ చింతగింజ ఉండిపోయింది. చెమటకు తడిసి నల్లగా మెరుస్తోంది.

చింతగింజలు ఎవరింట్లోనైనా ఉంటాయి. ఒకటి తగ్గితే ఆట ఆగదు. కాని సంఘం గింజ ఇది. లెక్కకు తక్కువైందని ఎస్తేరు చూసుకుంటే, చూసుకుంటుంది కూడా, "సూసినవా, మళ్ల ఎత్తుకపాయె" అంటే? నవ్వుకే అనవచ్చు. ఆ నవ్వు ఊరు దాటితే?

బస్సు వచ్చి ఆగింది. పొద్దున్నటి కండక్టరే. "కిటికీలు అమ్ముడువొయినయా అమ్మా? ఎక్కు, ఎక్కు."

"పో అన్నా. నేను తర్వాత బస్సుకొస్త."

"తర్వాత బస్సు నాగర్‌కర్నూల్ దాంకనే పోతది!"

ఆమె అప్పటికే వెనక్కి, సంఘం ఇంటి వైపు, చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుతోంది. గుమ్మంలో కూర్చుని కొత్త ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని వేలితో జాలిని గీకి చూస్తున్న ఎస్తేరు తలెత్తింది.

"ఏందే మల్లికా, అప్పుడే సోమారమొచ్చిందా?"